నిండు కిటికీ

అశ్విని కార్తె, మొదటి రోజు

కిటికీ మేస్త్రి రోజూ నాలుగు ముక్కలు రాసిపెట్టాలని మా కింది ఊరి కట్టుబాటు. ఎవరూ చదవరు. అయినా రాయడానికి నాకేం బాధ లేదు. అత్త వినదని నేను ఇంట్లో మాట్లాడటం మానేశానా?

పొద్దున తొమ్మిదో వరుస ఇళ్ళలో కిటికీలు తుడిచాను. బాలవ్వ తన కిటికీలో ఆకాశం తెల్లగా ఉందని ఫిర్యాదు చేసింది. పైన ఆకాశమే తెల్లగా ఉంది, నేను సున్నం కొట్టలేదని చెప్పాను. ఆమెకు నచ్చలేదు. నీలం ఆకాశాన్ని ఆమె కూడా ఎన్నడూ చూడలేదు, వాళ్ళ అమ్మమ్మ చెబితే విన్నదంతే.

తర్వాత సావడికి వెళ్ళి పెద్ద కిటికీకి పసుపు రాశాను. ఈ ఎండలకు పైకి వెళ్ళింది ఇద్దరు. ఒకరు రాజేశం మామ, రెండోవాడు మా ఆయన ఓదేలు. మేముంటున్న పాత బొగ్గుగనికి నెత్తిమీద ఒక నీడగది మిగిలి ఉంది. మిర్గం కార్తె వానలు పడేదాకా వాళ్ళిద్దరే అందులో ఉంటారు. గాలిమూతికి పట్టిన దుమ్ము తీయాలి, లేకపోతే కింద ఊరికి ఊపిరాడదు. సోలార్ పలకలు తుడవాలి, లేకపోతే ఫ్యాన్లూ, కిటికీల్లోకి బొమ్మ పంపే కెమెరా నడవవు. నీళ్ళు గొట్టంలో వెళతాయి. తిండికి మాత్రం కార్తెకొక సంచి జొన్నపిండి మేము బుట్టలో పెడితే, వాళ్ళు పైన గిలక తిప్పి లాక్కుంటారు. బుట్ట దారి పిల్లి దూరేంతే. మనుషులు ఎక్కే పెద్ద మూతను ఎండలు ముదరకముందే మూసి మట్టి మెత్తుతాం. నడి ఎండల్లో దాన్ని తెరిచి ఉంచితే సెగ దిగి పుట్టగొడుగుల మడులన్నీ మాడిపోతాయి.

మా అత్త పోశవ్వ కిటికీ ముందు చాప పరుచుకుని కూర్చుంది. “నా కొడుకు కందికట్టె లెక్కుంటడు. గీ ఎండలకు ఇరిగిపోతడేమోనే” అంది.

“ఇరగడు తియ్ అత్తా, నీతోని నలభై ఏండ్లు ఏగిండు” అన్నాను. నాకూ అదే భయం, కానీ అది ఆమెకు చెప్పను.

భరణి కార్తె

మా ఆయన ఒళ్ళు చేశాడు! బుగ్గలు వచ్చాయి, భుజాలు విచ్చుకున్నాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఈయన కూర్చుని తిని తానే కొండలా తయారవుతున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి నేనెంత పెట్టినా అంటని కండ, ఆ నిప్పుల కొలిమిలో ఎలా పట్టిందో తెలియదు. కాస్త ఉక్రోషంగా కూడా ఉంది.

సాయంత్రం మాట లైను కలిసింది. మేము వాళ్ళను చూస్తాం, వాళ్ళు మమ్మల్ని వింటారంతే. ఓదేలు గొంతు పొడిగా ఉంది.

“స్వరూపా, పెద్దమనుషులకు చెప్పరాదే, సంచి జెర పెద్దది పంపుమని. ఈసారి దుమ్ము బాగొస్తుంది. తుడిసి తుడిసి చేతులు పడిపోతున్నయి. ఆకలి ఆగుతలేదు.”

సావడి మొత్తం ఘొల్లున నవ్వింది. మొగిలి కాక నాకు వరసకు చిన్నాన్న, మడుల లెక్కా తిండి లెక్కా ఆయన చేతిలోనే ఉంటాయి. “అల్లుడా, నీ బుగ్గలు జూస్తుంటె మాకు ఆకలైతుంది. ఇంకా పెద్ద సంచా?” అన్నాడు. అత్త కొంగుతో కళ్ళొత్తుకుంది. అది సంతోషం.

అవతల ఓదేలు “సరే తియ్ మామా” అన్నాడు.

నవ్వులు అయ్యాక కాక అసలు మాట తీశాడు. మడుల్లో ఈసారి సగం చెడిపోయాయి, పసిపిల్లల తల్లులకు తిండి చాలడం లేదు. పైవాళ్ళు దిట్టంగా ఉన్నారు కాబట్టి వాళ్ళ సంచి సగం చేద్దామన్నాడు. కూర్చున్నవాళ్ళంతా చేతులెత్తారు. నా చేయీ లేచింది. కళ్ళెదుట మనిషి అంత నిండుగా కనబడుతుంటే కాదని ఎలా అంటాను?

కృత్తిక కార్తె

ఈ మధ్య గాలి బరువుగా వస్తోంది. మెట్లెక్కితే ఆయాసం. ఫ్యాన్లు నెమ్మదించాయని అందరూ అంటున్నారు, ఎండలకు మామూలేనని అందరూ అనుకుంటున్నారు.

పొద్దున ఓదేలు కెమెరా ముందు కూర్చుని రొట్టె కొట్టాడు. అది అడ్డంగా సాగి దోసకాయలా ఉంది. నవ్వొచ్చి లైను కలిపాను.

“ఏందయ్యా, నా దగ్గర గిన్నేండ్లుండి రొట్టె గుండ్రంగ కొట్టుడు నేర్వకపోతివి?”

“గుండ్రంగనే ఉన్నది గదనే” అని, నాకు బాగా కనబడాలని దాన్ని రెండు చేతులతో పట్టుకుని బండి చక్రంలా తిప్పాడు.

తిప్పుతూనే ఉన్నాడు. రొట్టె అడ్డంగా సాగే ఉంది. పావు చుట్టు తిప్పితే నిలువుగా సాగాలి కదా? సాగలేదు. ఎటు తిప్పినా అడ్డంగానే వెడల్పయ్యే రొట్టె లోకంలో ఎక్కడా ఉండదు. నా నవ్వు ఆగిపోయింది.

ఈ పని నేర్చుకునేటప్పుడు అందరికంటే ముందు చెప్పే పాఠం ఇది. కదిలే బొమ్మకు రెండు కొలతలుంటాయి. ఒకటి పుట్టు కొలత, అంటే కెమెరా నుంచి వచ్చినప్పుడు దానికి ఉన్న అసలు వెడల్పూ ఎత్తూ. రెండోది చూపు కొలత, అంటే గోడ మీద మనం దానికిచ్చిన చోటు. వెనకటి వెబ్ కాలంలో ప్రమాణాలు రాసిన మహానుభావులు ఈ రెంటినీ కావాలనే వేరుగా పెట్టారు. గోడ మీద ఎంత సాగదీసినా సరే, అడిగినవాళ్ళకు బొమ్మ తన పుట్టు కొలతను ఉన్నదున్నట్టు చెప్పాలి. అది మారినప్పుడల్లా గంట కొట్టి తెలపాలి. గంట మాటిమాటికీ మోగి పిల్లలు లేస్తున్నారని నాకంటే ముందున్న మేస్త్రి దాని గొంతు నొక్కేశాడు. అడగడం మాత్రం నా చేతిలో పని. నేనే అడగలేదు. రోజూ తుడవడం, పసుపు రాయడం, ఇదే ఉద్యోగమనుకున్నాను.

అడిగాను. వెడల్పు పదహారు ఉంటే ఎత్తు తొమ్మిది ఉండాలి. ఇప్పుడు వెడల్పు పదికి దిగింది, ఎత్తు తొమ్మిదే.

కరెంటు తగ్గితే కెమెరా బొమ్మను రెండు పక్కలా కత్తిరించి పంపుతుంది. మా కిటికీలేమో వచ్చినదాన్ని గోడ నిండా సాగదీస్తాయి. అలా సాగదీసిందీ మేమే. మా తాతల నాడు, మొదటి ఎండల్లో, పైనున్నవాళ్ళు పోయే ముందు కిటికీ అంచుల నుంచి నలుపు లోపలికి పాకేదట. అప్పటి నుంచి కిటికీకి నల్లంచు కనబడితే పైన మనిషి పోయినట్టే లెక్క. ఆ రోజు ఊళ్ళో పొయ్యి వెలిగించరు. అందుకని ఎంత బొమ్మ వచ్చినా సరే, అంచులదాకా నిండి ఉండేలా అన్ని కిటికీలనూ కట్టుబాటు చేసి పెట్టారు.

అంటే ఆయన లావెక్కలేదు. పలకల మీద దుమ్ము పేరుకుంటోంది, కరెంటు తగ్గుతోంది, బొమ్మ సన్నబడుతోంది, దాన్ని మేము సాగదీసుకుని మురుస్తున్నాం. మురిసి తిండి తగ్గించాం. తిండి లేక వాళ్ళు పలకలు తుడవలేకపోతున్నారు. దుమ్ము ఇంకా పేరుకుంటోంది. పొద్దున్నే కాకకు చెప్పాలి.

కృత్తిక కార్తె, మర్నాడు

మొగిలి కాకకు చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. “అంటే ఏమంటవు బిడ్డా? మనకు కండ్లు లేవా? రోజు జూస్తనే ఉన్నం గదా.”

“సూస్తున్నది సాగదీసిన బొమ్మ కాకా. నల్లంచు వస్తే రానీ. అసలు కొలతల పెట్టి ఒక్కసారి సూపిస్త, సూడుండ్రి.”

అత్త పక్కనే ఉంది. లేచి వచ్చి నా చేయి పట్టుకుంది. అంత బలం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో.

“నా బతికున్న కొడుక్కు నల్లంచు పెడ్తవా? నీ బొట్టు నువ్వే తుడుసుకుంటవా? గా కిటికీల చేయి పెట్టినవంటె నేను నీకు అత్తను గాను, నువ్వు నాకు కోడలివి గావు.”

వదిలేశాను. భయపడ్డాను, అదీ నిజం. నల్లంచు మాటంటే నాకూ చిన్నప్పటి నుంచి వణుకే. ఓదేలునే అడిగి, ఆయన నోటితోనే చెప్పిద్దామని సాయంత్రం లైను కలిపాను. కలవలేదు. కరెంటు చాలనప్పుడు కెమెరా కంటే ముందు మాట ఆగిపోతుంది.

కిటికీలో మాత్రం ఆయన పెదవులు కదుపుతూనే ఉన్నాడు. చుట్టూ జనం ఎంత బాగున్నాడో అనుకుంటున్నారు.

రోహిణి కార్తె

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. పొద్దున సగం సంచి బుట్టలో పెట్టి, పైవాళ్ళకు తెలిసేలా బుట్ట గంట లాగాం. తాడు కదల్లేదు. మధ్యాహ్నం మళ్ళీ లాగాం, సాయంత్రం మళ్ళీ లాగాం. బుట్ట అక్కడే ఉంది.

“తిని పండుకున్నట్టున్నరు” అన్నాడు కాక. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా గాలి చాలడం లేదు. పిల్లలను పొద్దంతా పడుకోబెడుతున్నారు.

కిటికీలో ఓదేలు ఒక్కడే ఉన్నాడు, గోడ నిండా, ఏనుగంత. ఎడమ పక్క కూర్చునే రాజేశం మామ కనబడక చాలా రోజులైంది. కుడి పక్కనుండే గిలకా కనబడటం లేదు. పుట్టు కొలత అడిగాను. అయిదుకు తొమ్మిది.

సావడిలో అందరూ ఉండగానే లేచాను. అత్త వైపు చూడలేదు. చూస్తే చేయలేను. నింపడం తీసేసి, ఉన్నది ఉన్నట్టు చూపించమన్నాను.

రెండు పక్కల నుంచీ నలుపు ఒక్కసారిగా లోపలికి వచ్చింది. గోడలో మూడో వంతు కూడా లేని చీలిక మధ్యలో మిగిలింది. అందులో మోకాళ్ళు రొమ్ముకు ఆనించుకుని ఒక మనిషి కూర్చున్నాడు. చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. మెడ దగ్గర గుంటలు, చెంపల దగ్గర గుంటలు. నేను ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని గుర్తుపట్టడానికి నాకే క్షణం పట్టింది.

అత్త గుండెలు బాదుకుంటూ శోకం అందుకుంది. ఆమె వెనక ఆడవాళ్ళంతా అందుకున్నారు. మొగిలి కాక తలగుడ్డ తీసేశాడు. ఎవరో అప్పుడే పొయ్యిల్లో నీళ్ళు పోయమని వరుసల్లోకి పరుగెత్తారు.

“సావలే! మనిషి సావలే!” అని నేను అరుస్తున్నాను. “నలుపు గాదు, నడుమ సూడుండ్రి! ఆకలితోని ఉన్నడు!” ఒక్కరూ వినలేదు. చనిపోయిన వాళ్ళ కిటికీ వైపు తలెత్తి చూడకూడదు కాబట్టి అందరి తలలూ దించే ఉన్నాయి. బతికున్న మనిషికి నా చేతులతో నేనే కర్మ చేయించినట్టయింది. కిటికీని పగలగొట్టాలనిపించింది.

అత్త ఒక్కతే తల ఎత్తింది. తల్లి కదా, చూడకుండా ఉండలేకపోయింది. ఆ చీలికలో ఓదేలు చేయి మెల్లగా లేపి మెడ గోక్కున్నాడు.

ఆమె శోకం సగంలో ఆగింది. “గోక్కుంటుండు” అంది. పక్కనున్న బాలవ్వను భుజం పట్టి ఊపింది. “ఏడుపాపుండ్రే! సచ్చినోడు గోక్కుంటడా? గీడు నా కొడుకు. గిట్లనే ఉంటడు వాడు, కందికట్టె లెక్క. గిన్నొద్దులు మనం జూసింది ఎవన్నో.”

రోహిణి కార్తె, మూడో రోజు

పెద్ద మూత తీయడానికి కాక ఒప్పుకున్నాడు, తెల్లవారుజామున ఒక్క మనిషి దూరేంత సేపు మాత్రమే. వెంటనే మళ్ళీ మూసి మట్టి మెత్తాలి. పైవాళ్ళకు దిగే ఓపిక లేదు, గాలిమూతిని వదిలేసి దిగినా ఊరు బతకదు. కాబట్టి వెళ్ళినవాళ్ళు వానల దాకా అక్కడే ఉండాలి. ఎవరు వెళతారని అడిగితే సావడిలో అందరికీ తమ కాలివేళ్ళ మీద ధ్యాస పుట్టింది. నేను వెళతానన్నాను. మొగుడు నా మొగుడు, కిటికీ నా కిటికీ.

బుట్టలో ఉండిపోయిన సగం సంచీ తీసి, వీపు మీద పట్టినంత పిండి కట్టుకున్నాను. అత్త వచ్చి మూట ముడి రెండుసార్లు సరిచూసింది. నా బొట్టు చెమటకు కారితే తన కొంగుతో దిద్దింది. తిట్టలేదు.

కాకకు ఒక్కటే చెప్పాను. “నేనొచ్చేదాక కిటికీ జోలికి పోకుండ్రి కాకా. నల్లంచు ఉండనీయుండ్రి. గిలక తిప్పెతందుకు ఇగ నేనుంట, బుట్ట నిండ పంపుండ్రి.” ఆయన తల ఊపాడు.

రోహిణి కార్తె, పైన

రాజేశం మామ పోయాడు. ఎప్పుడో ఓదేలు సరిగ్గా చెప్పలేకపోతున్నాడు. ఎడమ గోడ పక్కన, కెమెరాకు అందని చోట, దుప్పటి కప్పి ఉంచాడు. కింద మేము ఆ పక్కన ఆయన కూర్చునే ఉన్నాడనుకున్నాం.

ఓదేలుకు జావ కాచి పట్టాను. రెండు గుక్కలు తాగి నా వైపు చూశాడు. “నేను చెప్తనే ఉన్న గదనే” అన్నాడు. “ఆకలైతుందని చెప్తె నవ్విన్రు.”

“నేను గూడ నవ్విన” అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను గిన్నె పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఏడుపొస్తే ఏడ్చాను, ఇక్కడ చూసేవాళ్ళెవరు?

పలకల మీద దుమ్ము నా మోచేతిదాకా వచ్చింది. తెల్లవారి ఎండ ఎక్కకముందు కాసేపే బయట ఉండగలం. ముందు గాలిమూతి శుభ్రం చేశాను. అక్కడికే చేతులు పడిపోయాయి. పలకల్లో ఒక వరుస మాత్రం తుడవగలిగాను. తుడిచిన వెనకాలే గాలి కొత్త దుమ్మును తెచ్చి పోస్తోంది. తెచ్చిన పిండి ఇద్దరికి అయిదారు రోజులు వస్తుందేమో. మిర్గం ఇంకా దూరం ఉంది.

రోహిణి కార్తె, చివరి రోజులు

ఆ ఒక్క వరుస పలకల పుణ్యమా అని ఈరోజు మాట లైను కలిసింది. పిండి నిన్ననే అయిపోయింది. గిలక ఎన్నిసార్లు తిప్పినా బుట్ట ఖాళీగానే వస్తోంది. లైను మీద పడి గట్టిగా అరిచాను. “అత్తా! కాకా! బుట్ట పంపుతలేరేంది?”

అవతల నుంచి అత్త గొంతు వచ్చింది. ఎన్నాళ్ళకో విన్న కులాసా గొంతు.

“అవ్వో, నా కోడలు! మంచిగున్నరా బిడ్డా? అడుగుడెందుకు తియ్, కండ్ల ముందట కనబడ్తనే ఉన్నరు గదా.”

“నల్లంచు ఉన్నదా అత్తా? కిటికీకి నల్లంచు ఉన్నదా?”

“తీపిచ్చిన బిడ్డా. రెండొద్దులు ఊర్ల పొయ్యి ఎలగలే, పోరగాండ్లు ఏడ్సుడు. ఆ బొక్కల మొగం నేను జూడలేకపోయిన. నా పానం ఆగలే. మీ కాకతోని మళ్ళ నిండుగ చేపిచ్చిన. గిప్పుడు చూస్తె కడుపు నిండుతుంది బిడ్డా. వాడు ఎంత తేరుకున్నడో! నువ్వు గూడ పోయి పదొద్దులు కాలే, బుగ్గలు వచ్చినయి.”

“అది నేను గాదత్తా! సాగదీసిన బొమ్మ! నీ కండ్లతోని నువ్వే సూస్తివి గదా!”

“సూసిన బిడ్డా” అంది. గొంతు కాస్త తగ్గింది. “మళ్ళ సూపియ్యకు.”

తర్వాత కాక మాట్లాడాడు. మడుల్లో ఇంకో రెండు వరుసలు పోయాయట. నేను వీపు మీద మోసుకుపోయిందే ఈ కార్తె సంచి కింద లెక్కేసి బుట్ట ఆపారట. వచ్చే కార్తెకు చూద్దామన్నాడు. మేమిద్దరం దిట్టంగా ఉన్నామని ఊరంతా ధైర్యంగా ఉందన్నాడు.

నేను అరిచాను, తిట్టాను, కాళ్ళు పట్టుకుంటానన్నాను. అత్త మళ్ళీ లైను మీదికి వచ్చింది. నన్ను ఊరడిస్తూ, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“బుగులు పడకు బిడ్డా. మీరిద్దరు గంత నిండుగ కనబడ్తుంటె నా దిష్టే తాకుతదని, ఇయ్యాల పెద్ద జొన్నముద్ద కలిపి కిటికీకి మూడుసార్లు తిప్పిచ్చి, మూడు బాటల కాడ పారేపిచ్చిన.”

అక్కడ లైను ఆగిపోయింది. కరెంటు అయిపోయింది. ఓదేలు పడుకున్న చోటి నుంచి “ఏమంటుంది అవ్వ?” అని తల్లి సంగతి అడిగాడు. పంపుతారట, నువ్వు పడుకో అన్నాను. గుడ్డ తీసుకుని పలకల దగ్గరికి బయలుదేరాను.